టాంకీ స్టాపు దగ్గర గది

“రెండు రాత్రుల ప్రయాణానికి ఇన్ని తువ్వాళ్లెందుకమ్మా? మనం ఊరు చూడ్డానికి వెళ్తున్నామా, బట్టలారేయడానికి వెళ్తున్నామా?”

మంచం మీద నోరు తెరుచుకుని ఉన్న సంచీలోంచి పిట్ట ఒక తువ్వాలు లాగి పక్కన పడేసింది. తల్లి దాన్ని తీసి, మడత పోకుండా దులిపి, మళ్లీ సంచీలో పెట్టింది.

“లాడ్జీలో ఇస్తారు తువ్వాళ్లు.”

“ఇస్తారు. అవి ఎవరెవరి వీపులు తుడిచి వచ్చాయో వాటికే తెలియాలి.”

“ఉతుకుతారమ్మా!”

“నువ్వు చూశావా ఉతకడం?”

“నువ్వు చూశావా ఉతక్కపోవడం?”

కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నానమ్మ చేట మీంచి తల ఎత్తకుండానే అంది. “ఒక పని చెయ్యండి. తువ్వాళ్లను బస్సెక్కించి పంపించేయండి, అవి చూసొస్తాయి. మీరిద్దరూ ఇక్కడే ఉండి హాయిగా కొట్టుకోండి.”

పిట్ట నవ్వింది. తల్లికీ నవ్వు వచ్చింది గానీ, గెలుపు చేజారుతుందని ఆపుకుంది. చివరికి తువ్వాలు సంచీలోనే ఉంది, పిట్ట మూతి మాత్రం ముప్పావు గంట ముడుచుకునే ఉంది.

పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిట్ట అన్నారు. ఇప్పుడు తల్లికంటే బెత్తెడు ఎత్తు. పదో తరగతి పరీక్షలు రాసి, ఎండల్లో ఏం తోచక, ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతోంది. పరీక్షలయ్యాక నగరం చూపిస్తానని తల్లి మాట ఇచ్చింది. ఆ మాట కోసమే సెలవు పెట్టింది. ఆమె బస్టాండులో టికెట్ల కౌంటరులో పని చేస్తుంది. అక్కడ అందరూ కౌంటరమ్మ అంటారు. ఆ పేరు ఆమెతో పాటు బస్సెక్కి ఇంటికీ వచ్చేసింది. పిట్టకు కోపం వస్తే, “సరేలే కౌంటరమ్మా, నీ మాటే చెల్లనీ” అంటుంది.

రోజంతా నగరానికి టికెట్లు ఇచ్చే మనిషి తాను ఆ నగరంలో అడుగు పెట్టి ఏళ్లు దాటింది. ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. పిట్ట మూడో తరగతిలో ఉండగా తండ్రి పని వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్లాడు. పని దొరికింది. పనితో పాటు మరో సంసారం కూడా దొరికింది. కోర్టు కాగితాల మీద సంతకాలయ్యాక, సామాను తీసుకుపోవడానికి వచ్చిన కొడుకుతో నానమ్మ వెళ్లలేదు. “వాడు తీసుకుపోవలసినవి మంచం, బీరువా. నేను సామాను కాదు” అని కోడలి పక్కన నిలబడిపోయింది. ఆ రోజు నుంచి అత్త ఇల్లు చూసుకుంటుంది, కోడలు ఉద్యోగం చూసుకుంటుంది. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇద్దర్నీ తల్లీకూతుళ్లు అనుకుంటారు. వాళ్లూ సరిదిద్దరు. అతని పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు. రాకూడదని ఎవరూ చెప్పలేదు. గచ్చు మీద తడి ఉంటే చెప్పకుండానే అందరూ పక్కనుంచి నడిచినట్టు, ఆ పేరు పక్కనుంచి నడవడం ముగ్గురికీ అలవాటైపోయింది.

“మొదటి రోజు మ్యూజియం, సాయంత్రం నది ఒడ్డు. రెండో రోజు జంతువుల పార్కు. గది బస్టాండు పక్కనే తీసుకుంటే నడక కలిసొస్తుంది,” అంది తల్లి, జడ అల్లుకుంటూ.

“గది టాంకీ స్టాపు దగ్గర తీసుకుందామమ్మా.”

“టాంకీ స్టాపా? అది ఊరికి ఈ చివర. అక్కడ నీళ్ల టాంకీ తప్ప చూడ్డానికేముంది?”

“ప్రశాంతంగా ఉంటుందట.”

“ప్రశాంతత కోసం అంత దూరం పోవాలా? మన పెరట్లో కావలసినంత ఉంది, ఒక కుర్చీ వేసుకో.”

“ప్లీజ్ అమ్మా. నేను ఇంకేమీ అడగను. తువ్వాళ్లు పది పెట్టుకో.”

కిటికీ దగ్గర ఈనెలు తీసే చేతులు ఆగిపోయాయి. కౌంటరమ్మ అది చూసింది. చూసి, డ్యూటీకి వేళైందని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

పొద్దుటి రద్దీ తగ్గాక కండక్టరు బాబాయి టీ గ్లాసు పట్టుకుని కౌంటరు వెనక గుమ్మంలోకి వచ్చాడు. నగరం రూటులో తిరిగి తిరిగి జుట్టు తెల్లబడినవాడు. బాబాయి వరస ఎవరూ కలపలేదు, బస్టాండే కలిపింది.

“బాబాయ్, టాంకీ స్టాపు దగ్గర లాడ్జీలేమైనా ఉన్నాయా?”

ఆయన టీ గుటక వేయబోయి ఆగాడు. “అక్కడ లాడ్జీ ఏమిటమ్మా, అన్నీ కాపురాలే. ఎవరికి?”

“మాకే. మా అమ్మాయి అక్కడే కావాలని పట్టు పట్టింది.”

బాబాయి గ్లాసు కిటికీ మీద పెట్టాడు. టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనలా టోపీతో ఆడుకుంటున్నాడంటే ఏదో మింగలేక కక్కలేక ఉన్నాడని అర్థం.

“చెప్పు బాబాయ్.”

“చెప్పి ఏం బాగుపడతావమ్మా అని ఇన్నాళ్లూ చెప్పలేదు. మీ ఆయన... అదే, అతను ఉండేది అక్కడే. అప్పుడప్పుడు నా బండే ఎక్కుతాడు. ఈ మధ్య భుజం మీద ఒక బాబును కూడా ఎక్కించుకుని...” ఆయన అక్కడితో ఆపేశాడు. “నన్ను చూస్తే తల వంచుకుంటాడు. నేనూ టికెట్టు చింపి ఇచ్చేస్తాను. అంతే.”

అద్దం అవతల ఎవరో వేళ్లతో తడుతున్నారు. “అమ్మా, నగరానికి రెండు.” కౌంటరమ్మ రెండు టికెట్లు ఇచ్చింది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. నిప్పు లేనిదే పొగ రాదు. పిట్టకు ఆ స్టాపు పేరు ఎవరు చెప్పారు?

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పిట్ట అద్దం ముందు నీలం డ్రెస్సు ఒంటికి ఆనించుకుని అటూ ఇటూ తిరిగి చూసుకుంటోంది.

“టాంకీ స్టాపులో ఎవరున్నారో నాకు తెలిసింది,” అంది తల్లి, చెప్పులైనా విప్పకుండా.

పిట్ట వెనక్కి తిరగలేదు. అద్దంలోంచే తల్లిని చూసింది. ఏదైనా సాకు చెబుదామా అని కాసేపు తడబడింది. తర్వాత డ్రెస్సు మంచం మీద పెట్టేసింది.

“రెండో రోజు పొద్దున నువ్వు స్నానం చేస్తుండగా వెళ్లి వచ్చేద్దామనుకున్నాను. ఆ వీధిలో పచ్చ గేటు ఇల్లట. నాన్న నానమ్మకు చెప్పాడు. నెలకోసారి ఫోన్ చేస్తాడు, నువ్వు డ్యూటీకి వెళ్లాక.”

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకోవాలని తోచినట్టు లేదు.

“ప్రతిసారీ నా గురించే అడుగుతాడమ్మా,” పిట్ట గొంతులో ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. “పిట్ట ఎంత ఎత్తు పెరిగింది, ఇంకా నిద్రలో పిడికిళ్లు బిగిస్తుందా, స్నానాల గదిలో పాటలు పాడుతుందా, అన్నీ అడుగుతాడు. నన్ను చూడాలని ఉందట. నువ్వేమంటావోనని రాలేకపోతున్నాడట. ఆయన రాలేకపోతే నేనే వెళ్తాను. అందులో తప్పేముంది?”

కౌంటరమ్మకు కూతురి మీద కోపం రాలేదు. పిడికిళ్ల దగ్గర ఆమె మనసు చివుక్కుమంది. పసిపిల్లగా ఉన్నప్పుడు ఆ పిడికిలి మెల్లగా విప్పి, తన వేలు దూర్చి, అలాగే నిద్రపోయేవాడు అతను. అవన్నీ తనకొక్కదానికే మిగిలాయనుకుంది ఇన్నేళ్లూ. ఆ నొప్పి ఎటు పోవాలో తెలియక ఎదురుగా ఉన్న మనిషి మీద పడింది.

“నా ఇంట్లో ఉంటూ నా వెనకాల ఇదా అత్తయ్యా మీరు చేసే పని?”

మాట నోరు దాటాక గానీ ఆమెకే వినపడలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ ‘నా ఇల్లు’ అనలేదు.

“నీ ఇల్లేనమ్మా,” అంది అత్తగారు నెమ్మదిగా. “నేనెప్పుడు కాదన్నాను?” అని లోపలికి వెళ్లిపోయింది.

తల్లి మంచం మీద కూర్చుండిపోతే, పిట్ట వచ్చి పక్కన చేరింది. “నానమ్మనేమీ అనకమ్మా. నేనే చెప్పొద్దన్నాను. ఒక్కసారి, గేటు దగ్గర నిలబడి చూసి వచ్చేస్తాను. లోపలికి కూడా వెళ్లను. నువ్వు వీధి చివర ఉండు.”

“చూసి ఏం చేస్తావే?”

“ఏమీ చెయ్యను. నన్ను గుర్తుపడతాడో లేదో చూస్తాను.”

తల్లి కూతురి తల మీద చెయ్యి వేసింది.

“చెప్పాపెట్టకుండా ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు. రేపు నేనే ఫోన్ చేసి మాట్లాడతాను. ఏ పూట రమ్మంటాడో అడుగుతాను. దొంగలాగా కాదు, నీలం డ్రెస్సు వేసుకుని దర్జాగా వెళ్దువుగాని.”

పిట్ట ఆమె మెడ చుట్టూ చేతులేసి గుంజితే ఇద్దరూ మంచం మీద పడ్డారు. సంచీ కింద పడి తువ్వాళ్లన్నీ నేల మీదికి వచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు.

“ఫోన్ ఎందుకులే అమ్మాయ్,” అంది వంటింట్లోంచి అత్తగారు. గొంతు ఎలాగో ఉంది. “ఎండలు మండిపోతున్నాయి. ఈ ప్రయాణం తర్వాతెప్పుడైనా పెట్టుకుందురుగాని.”

ఆ మాట వినే స్థితిలో అక్కడెవరూ లేరు.

బస్టాండులో కాస్త ప్రశాంతంగా మాట్లాడుకోగలిగిన చోటు పార్సిలు గది ఒక్కటే. మధ్యాహ్నం భోజనాల వేళ కౌంటరమ్మ అక్కడికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. అత్తగారి ఫోనులోంచి రాసుకున్న నంబరు నొక్కింది.

“హలో, ఎవరండీ?”

“నేను.”

ఆ ఒక్క మాటకే గుర్తుపట్టాడు. “అమ్మకేమైనా అయిందా?”

“ఆవిడ బాగానే ఉన్నారు. పిట్ట గురించి మాట్లాడాలి. సెలవుల్లో దానికి నగరం చూపిద్దామని తీసుకొస్తున్నాను. అది మిమ్మల్ని చూస్తానంటోంది. మీరు ఏ పూట ఖాళీగా ఉంటారో చెబితే...”

అవతల ఒక చిన్నపిల్లవాడి గొంతు, “నాన్నా, ఎవరూ?”

“ఎవరో ఆఫీసువాళ్లు నాన్నా. నువ్వు తిను.”

అతను ఎక్కడికో నడుస్తున్నట్టు అడుగుల చప్పుడు, ఒక తలుపు మూసిన చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “వీడికి ఏమీ తెలియదు. మా ఆవిడకు తెలుసు, కానీ రాకపోకలు ఉండకూడదని మొదట్లోనే అనుకున్నాం. ఇప్పుడు ఉన్నట్టుండి అమ్మాయిని తీసుకొస్తే ఈ ఇంట్లో నేనేం చెప్పను?”

“చెప్పడం సంగతి మీరు చూసుకోండి. ప్రతిసారీ దాని గురించి అడిగేది మీరే కదా.”

“నేనా?”

“అత్తయ్యను అడుగుతున్నారట కదా. ఎంత ఎత్తు పెరిగింది, నిద్రలో ఇంకా పిడికిళ్లు బిగిస్తుందా అని.”

అవతల కుర్చీ లాగిన చప్పుడు.

“బిగిస్తుందా?” అన్నాడు.

ఏదో కొత్త సంగతి విన్నట్టు అడిగాడు. కౌంటరమ్మ వెనక ఉన్న పార్సిలు మూట మీద కూర్చుండిపోయింది. ఒక్క ముక్కతో అంతా తేటతెల్లమైంది. వంటింట్లోంచి ‘ఫోన్ ఎందుకులే’ అన్న గొంతు ఎందుకలా ఉందో కూడా.

“అమ్మ అలా చెప్పిందా?” అన్నాడు. “నేనడగను. అమ్మ ఒంట్లో ఎలా ఉందో కనుక్కుంటాను, పెట్టేస్తాను. అడిగితే... అడిగితే నేనిక్కడ ఉండలేను.”

“అడక్కపోతే ఉండగలుగుతున్నారన్నమాట.”

“నువ్వేమైనా అను. దాన్ని మాత్రం తీసుకురాకు. ఇంకోటి, నేను వద్దన్నానని దానికి చెప్పకు. నీకు దణ్ణం పెడతాను.” కాసేపాగి మళ్లీ అడిగాడు. “ఇప్పుడు ఎన్నో క్లాసు?”

“పదో తరగతి పరీక్షలు రాసింది.”

“అప్పుడేనా,” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. తల్లి మీద కోపం జ్వరం లాంటిది. రెండు రోజులు మండుతుంది, చెమట పట్టి తగ్గిపోతుంది. కన్నతండ్రికి తను అక్కర్లేదన్న మాట అలా కాదు. అది పిల్ల ఎముకల్లో దిగితే ఇక బయటికి రాదు. నిందలు మోయడం ఆమెకు కొత్త కాదు. ఈ ఒక్కటి ఎక్కువవుతుందా?

గుమ్మంలోనే పిట్ట ఎదురొచ్చింది. “మాట్లాడావా? ఏ పూట రమ్మన్నాడు?”

“ప్రయాణం మానేశాను.”

“ఏమిటీ?”

“ఫోన్ చెయ్యలేదు. ఆలోచిస్తే నాకు నచ్చలేదు. మనల్ని వదిలి వెళ్లిన మనిషి గుమ్మం నా కూతురు తొక్కడానికి వీల్లేదు. అంతే, ఇక ఆ ఊసెత్తకు.”

పిట్ట మొహంలో ముందు నవ్వు వచ్చింది. తల్లి ఆట పట్టిస్తోందనుకుంది. తర్వాత ఆ నవ్వు అలాగే ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నిన్న నువ్వే కదా చెప్పావు! దర్జాగా వెళ్దువుగాని అని నువ్వే కదా అన్నావు!”

“అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను.”

“నీకు కుళ్లు! ఆయన నన్ను అడుగుతాడు, నిన్ను అడగడు. అదే నీ బాధ!” పిట్ట గొంతు చీరుకుపోయింది. “నాన్న ఎందుకు వెళ్లిపోయాడో నాకిప్పుడు అర్థమైంది.”

గదిలోకి వెళ్లి ధడాలున తలుపేసుకుంది. కౌంటరమ్మ చెప్పులు విప్పి, జతగా సర్ది, గోడ వారగా పెట్టింది. చెయ్యడానికి ఏదో ఒక పని కావాలనిపించి, శుభ్రంగా ఉన్న గ్లాసులే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

అత్తగారు వచ్చి పక్కన నిలబడి, కడిగిన గ్లాసులు ఒక్కొక్కటీ అందుకుని తుడవసాగింది.

“వాడు వద్దన్నాడు కదూ?”

“లేదత్తయ్యా. నేనే చెయ్యలేదు.”

“నా కొడుకు నాకు తెలియడా?”

కౌంటరమ్మ కుళాయి కట్టేసింది. “ఎందుకలా చెప్పారు అత్తయ్యా దానికి?”

“నేను ఫోన్ పెట్టగానే వచ్చి నిలబడేది. ‘ఏమన్నాడు నానమ్మా?’ అని. నోరు కూడా సరిగా మూసేది కాదు, అంత ఆత్రం. నీ గురించి ఒక్క మాట కూడా అడగలేదే తల్లీ అని ఎలా చెప్పను? ఒకసారి ఒక్క మాట కల్పించాను, ‘పిట్ట బాగుందా అన్నాడే’ అని. ఆ మొహం ఎలా వెలిగిందో నువ్వు చూడలేదు. మరుసటి నెల ఆ వెలుగు కోసమే ఇంకో మాట అల్లాను. తర్వాత ఇక నా చేతిలో లేకుండా పోయింది. అది ఇంత దూరం వస్తుందని, బస్సెక్కి వెళ్తానంటుందని నేననుకోలేదమ్మా.”

“సరే. ఇప్పుడు మీరేమీ చెప్పకండి. నన్ను తిట్టుకోనివ్వండి. కొన్నాళ్లకు మర్చిపోతుంది.”

“నా తప్పుకు నువ్వు మాట పడాలా?”

“నిన్న మీరు పడలేదా నా దగ్గర? ఇంటి సంగతి.” కౌంటరమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. “అది నా నోరు కాదత్తయ్యా. మనసులో పెట్టుకోకండి.”

అత్తగారు తుడిచిన గ్లాసును మళ్లీ తుడిచింది.

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో గోడలు మాత్రమే మాట్లాడుకున్నాయి. పిట్ట తల్లి ఉన్న గదిలో ఉండేది కాదు. ఏదైనా కావాలంటే గాలిలోకి చెప్పేది. ‘నానమ్మా, నా సబ్బు ఎక్కడుందో ఎవరినైనా అడుగు.’ ఇంట్లో ఉన్నదే ముగ్గురు. ఆ ‘ఎవరైనా’ ఎవరో ముగ్గురికీ తెలుసు. కౌంటరమ్మ సబ్బు తెచ్చి పెట్టేది, ఏమీ అనేది కాదు. అత్తగారు మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది. అన్నం కలిపి, రెండు ముద్దలు తిని, లేచిపోయేది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బయట ఎండ మండిపోతోంది. అత్తగారు చిక్కుడుకాయ కూర వండింది. పిట్ట తల్లికి వీపు కనబడేలా కుర్చీ పక్కకు తిప్పుకుని కూర్చుంది. నాలుగు మెతుకులు కెలికి, ఎటో చూస్తూ అంది.

“నేనొక్కదాన్నే వెళ్తాను. బుధవారం. బస్టాండులో ఇంకో కౌంటరు కూడా ఉంటుంది, అక్కడ కొనుక్కుంటాను టికెట్టు. ఆపితే ఎప్పటికీ తిరిగి రాను. నన్ను కావాలనుకునేవాళ్ల దగ్గరే ఉండిపోతాను.”

కౌంటరమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఏం చెప్పాలో వెతుక్కుంటుండగా అత్తగారు గ్లాసులో నీళ్లతో చెయ్యి కడుక్కుంది. భోజనం మధ్యలో ఆవిడ ఎన్నడూ చెయ్యి కడుక్కుని ఎరగదు.

“పిట్టా. మీ అమ్మ ఫోన్ చేసింది. వాడే రావద్దన్నాడు.”

“అత్తయ్యా!”

“ఉండమ్మాయ్. దీన్ని ఒంటరిగా ఆ బస్సెక్కించి, ఆ గేటు ముందు నిలబెట్టి, ఇక్కడ నేను అన్నం తినలేను.” ఆవిడ మనవరాలి వైపు తిరిగింది. “వాడు నీ గురించి అడగలేదు తల్లీ. ఎప్పుడూ అడగలేదు. అవన్నీ నేను చెప్పినవే.”

పిట్ట నమ్మలేదు. కుర్చీ ఇటు తిప్పింది. “పిడికిళ్ల సంగతి? అది నాన్నకు తప్ప ఎవరికి తెలుసు?”

“రాత్రి నీ పక్కన పడుకునేది ఎవరే?”

“ఎంత ఎత్తయ్యానని?”

“నేనే.”

“పాటలు?”

“నేనే తల్లీ.”

“చూడాలని ఉందన్నది?”

నానమ్మ కాదన్నట్టు తల ఆడించింది. పిట్ట తల్లి వైపు చూసింది. ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. ‘ఇది అబద్ధమని నువ్వయినా చెప్పు’ అని బతిమాలుతోంది.

కౌంటరమ్మకు ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. ఆ ఇంట్లో అబద్ధాలు చేసిన పని చాలు.

“ఎన్నో క్లాసు అని అడిగాడు,” అంది. “అదొక్కటి నిజంగా అడిగాడు. నేను చెప్పాను.”

పిట్ట ఏడుపు పెద్దదేమీ కాదు. కంచం మీదికి వంగిపోయి, అన్నం మీదే కన్నీళ్లు పడుతుంటే, చిన్నపిల్లలా వెక్కింది. ఇద్దరు ఆడవాళ్లూ చెరోవైపు నుంచి లేచారు. ఎవరు ముందు దగ్గరికి తీసుకున్నారో తెలియదు. కాసేపటికి ముగ్గురి చేతులూ ఒకరి మీద ఒకరివి ఉన్నాయి. అన్నం చేతులతో ఎవరి బట్టలకు ఎవరు కూర పూశారో కూడా చూసుకోలేదు.

“మరి నువ్వెందుకమ్మా నీ మీద వేసుకున్నావు?” పిట్ట ముక్కు ఎగబీల్చింది. “నేనెన్ని మాటలన్నాను!”

“నా మీద కోపం వస్తే తిట్టడానికి నేను ఎదురుగా ఉంటాను. ఆయన మీద కోపం వస్తే ఎవర్ని తిడతావే?”

పిట్ట తల్లి చీర కొంగులో మొహం దాచుకుంది. అత్తగారు కుర్చీలో కూలబడి, తన చేతుల్ని తానే చూసుకుంటూ అంది. “ఇక వాడి ఫోన్ ఎత్తను. నాకూ కొడుకు లేడనుకుంటాను.”

“వద్దు నానమ్మా.” పిట్ట కొంగులోంచే తల ఎత్తకుండా అంది. “ఎత్తు. నీ కొడుకు కదా. కానీ నేనొచ్చి అడిగితే, ఏమన్నాడో అదే చెప్పు. ఏమీ అనకపోతే ఏమీ అనలేదని చెప్పు. నేను... నేను అలవాటు చేసుకుంటాను.”

పదిహేనేళ్ల పిల్ల అనవలసిన మాట కాదది. కౌంటరమ్మ లేచి, పిట్ట కంచం తీసి, వేరే కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. కలిపి మొదటి ముద్ద తనే నోటికి అందించింది. పిట్ట కాదనలేదు.

“తిను. బుధవారం ప్రయాణం ఉంది.”

పిట్ట నమలడం ఆపింది. “ఆ ఊరికా? నాకొద్దమ్మా.”

“ఆ ఊరు ఆయనదొక్కడిదేనా? నేను కూడా ఇన్నేళ్లు అలాగే అనుకుని, ఊరినే వదిలేసుకున్నాను. నదిని వదిలేసుకున్నాను, మ్యూజియాన్ని వదిలేసుకున్నాను. నువ్వూ అలా వదిలేసుకోకు.” ఆమె అత్తగారి వైపు తిరిగింది. “మీరూ వస్తున్నారత్తయ్యా. ఇంటికి తాళం వేసేద్దాం. మన ఇంటికి.”

అత్తగారు కూర గిన్నె దగ్గరికి లాక్కుని తనకూ కొంచెం వడ్డించుకుంది.

“మన బస్సులన్నీ టాంకీ స్టాపు మీదుగానే కదమ్మా వెళ్తాయి?” అంది పిట్ట చాలాసేపయ్యాక, చిన్న గొంతుతో. “అక్కడ ఆగుతుంది కదా. ఎవరైనా ఎక్కితే?”

“అందుకే బస్సులో వెళ్లడం లేదు. రైల్లో వెళ్తున్నాం.”

బస్టాండు కౌంటరమ్మ రైలెక్కుతానంటే మామూలు రోజైతే ఆ ఇంట్లో నవ్వులే నవ్వులు. పిట్ట నవ్వలేదు. ఇంకొకటి అడగాలా వద్దా అన్నట్టు తల్లి మొహం చూసింది. చివరికి అడిగేసింది.

“రైల్లోంచి ఆ టాంకీ కనిపించదు కదా?”

పెళ్లయిన కొత్తలో ఆ రైల్లో ఒకసారి వెళ్లింది కౌంటరమ్మ. కనిపించదని చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలుసు.

“కనిపిస్తుంది,” అంది. “వంతెన దాటాక, ఎడమ వైపు, దూరంగా. కాసేపే. వచ్చే ముందు నేను చెప్తాను. చూడాలనిపిస్తే చూడు, లేకపోతే కళ్లు మూసుకో. నేనూ నానమ్మా నీకు చెరో పక్కన కూర్చుంటాం.”